ముందే మోగిన మేళం

పోయిన పెళ్ళిళ్ళ కాలంలో గాంధీపురం బస్టాండు వెనక ఉన్న ఒక మండపంలో నేను కొయ్యబారిపోయాను. ఏం జరిగిందో చెబితే మీరు నవ్వుతారు. అక్కడున్న వాళ్ళంతా నవ్వారు. నాకు దిమ్మ తిరిగింది ఆ నవ్వుకే.

పెళ్ళికొడుకు మా చిన్నత్త మనవడు. చిన్నత్త అంటే మా నాయనకు చెల్లెలు. ఎనభై దాటింది. మోకాళ్ళు అరిగాయి గానీ నాలుక ఇంకా అరగలేదు. నాకూ డెబ్భై నిండాయి. ఇద్దరం ముందు వరసలో కూర్చుని, ఏసీ చలికి కొంగులు చెవుల మీదికి లాక్కుని, పిడికిట్లో అక్షింతలు పట్టుకుని కాచుకుని ఉన్నాం.

మేళగాళ్ళు లేరు. వేదిక పక్కన రెండు నల్ల స్పీకర్లు, వాటి దగ్గర టీ షర్టు వేసుకున్న ఒక కుర్రాడు, అతని చేతిలో ఫోను. నాదస్వరం, డోలు అన్నీ ఆ ఫోనులోంచే వస్తున్నాయి. తాళిబొట్టు పళ్ళెం ఇంకా మూడో వరసలో ఉంది. పెద్దవాళ్ళు ఒక్కొక్కరే దాన్ని తాకి కళ్ళకద్దుకుంటున్నారు. ఆ కుర్రాడి వేలు ఎక్కడ తగిలిందో ఏమో, ఒక్కసారిగా గట్టిమేళం బద్దలైంది. వెనక వరసల్లో వాళ్ళు లేచి అక్షింతలు విసిరేశారు. పురోహితుడు రెండు చేతులూ ఎత్తి, “ఇరుంగ, ఇరుంగ!” అని తమిళంలో ఆగమని అరిచాడు.

ఇప్పుడేమవుతుందో, ఎవరు ఎవరి మీద పడతారో అని కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను.

ఫోటోలు తీసే అతను చెయ్యి ఊపి, “పరవాల్లేదు సార్, ఇంకోసారి పెట్టుకుందాం. అందరూ అక్షింతలు మళ్ళీ తీసుకోండి. లైటు కూడా సరిగా పడలేదు” అన్నాడు.

అందరూ పకపకా నవ్వారు. పెళ్ళికూతురు కూడా నవ్వింది.

ఇంకోసారి! ఎంత సుళువుగా అన్నాడు ఆ మాట! ఇదే తప్పుకు మా ఊళ్ళో ఒక మనిషి అన్నం పోయింది, పేరు పోయింది, ఊరు పోయింది. పైగా ఆ తప్పు చేసింది ఆ మనిషి కాదు. ఎవరు చేశారో నాకు తెలుసు. అరవై ఏళ్ళుగా తెలుసు.

మా ఊరు సూలూరుకు కొంచెం అవతల. ఇళ్ళల్లో తెలుగు, బళ్ళో తమిళం, వీధిలో రెండూ. పత్తి, జొన్న, మోట బావులు, ఉదయం లేస్తే వాకిట్లో పేడనీళ్ళ వాసన. ఆ వాసనతో పాటే మేళం తాత వచ్చేవాడు.

పేరు పెట్టి ఎవరూ పిలవరు కాబట్టి నాకూ ఆయన మేళం తాతే. చుట్టుపక్కల పది ఊళ్ళ గుళ్ళల్లో, పెళ్ళిళ్ళల్లో ఆయన నాదస్వరమే మోగాలి. ఆయన తమ్ముడు డోలు. గుడి ఉత్సవంలో ఆయన వాయిస్తే ఎడ్లు మేత మానేసి వింటాయని మా తాత అనేవాడు. ఎడ్ల సంగతి నాకు తెలియదు గానీ మా తాత మాత్రం వక్క నమలడం మానేసేవాడు. అది ఆయన ఇంకెవరికీ చేయని మర్యాద.

వాయింపు లేని రోజుల్లో మేళం తాత మా అరుగు మీద పిల్లలకు పాట చెప్పేవాడు. ఆయన ఇంట్లో మాట్లాడేది తమిళం. మా ఇళ్ళల్లో తిరిగి తిరిగి మా తెలుగు నేర్చుకున్నాడు. పాటలేమో తెలుగు పాటలు. మధ్యలో ఆపి, “అమ్మా, ఈ మాటకు అర్థమేంటి?” అని లోపలున్న మా అవ్వను అడిగేవాడు. అవ్వ పులుసు కలుపుతూనే, “దేవుడు ఎప్పుడు పలుకుతాడో అని ఏడుస్తుండాడు, అంతే కదా. పాడు పాడు” అనేది. అన్ని పాటలకూ అవ్వ చెప్పే అర్థం అదొక్కటే. ఆయన నిజంగానే తల ఊపి మళ్ళీ ఎత్తుకునేవాడు.

ఆయన దగ్గర తమలపాకు, విభూతి, తడిసిన గడ్డి కలిసిన వాసన వచ్చేది. ఆ గడ్డి వాసన నాదస్వరం కొసన పెట్టుకునే చిన్న పీకది. సీవాళి అంటారు దాన్ని. వాయిద్యానికి దారంతో అరడజను సీవాళులు వేలాడుతుండేవి. ఒకటి దొంగిలించి మేం పెరట్లో ఊదితే బాతు గొంతు పిసికినట్టు కూత వచ్చింది. ఆయన పరిగెత్తుకొచ్చి, “ఐయో అమ్మిణీ, అది నా పల్లు. పెరికేసుకొని వచ్చినావే!” అన్నాడు. కొట్టలేదు. ఆడపిల్లలందరూ ఆయనకు అమ్మిణీలే. ఒకసారి గుళ్ళో ఆయన ఎదురుగా కూర్చుని అందరం చింతకాయలు చప్పరించాం. నోట్లో నీళ్ళూరితే నాదస్వరం పలకదని ఎవరో చెప్పారు. ఆయన మమ్మల్ని చూశాడు, గోడవైపు తిరిగాడు, గంటసేపు గోడకే వాయించాడు. మా తాత చేతిలో మాకు వీపు విమానం మోత మోగింది.

ఇంకో సంగతి ఇప్పుడే చెప్పాలి. ఆయన కళ్ళు డేగ కళ్ళు. చివర కూర్చున్న పిల్ల పాడకుండా పెదవులు ఆడిస్తుంటే కనిపెట్టేసేవాడు. మా అవ్వ సూదిలో దారం ఎక్కించమని పిల్లల్ని పిలిస్తే ఆయనే, “ఇట్లియ్యండమ్మా” అని తీసుకుని, ఒక్కసారికే ఎక్కించి ఇచ్చేవాడు.

పాట చెప్పడంలో ఆయనది ఒకటే పోరు. ఒక దెబ్బ, మూడు వేళ్ళు, దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. తాళం ఇలా తిరుగుతుంటే చాలా పాటలు దెబ్బ మీద మొదలుకావు. దెబ్బ పడ్డాక కొంచెం ఆగి ఎత్తుకోవాలి. ఆ కొంచెం ఆగడం నా వల్ల కాలేదు. దెబ్బ పడీ పడకముందే నోరు తెరిచేదాన్ని. ఆయన అరచెయ్యి అడ్డం పెట్టి, “ఇరు” అనేవాడు. ఇరు అంటే తమిళంలో ఆగు, ఉండు అని. ఒక ఉదయంలో నాకు ముప్పైసార్లు ఇరు చెప్పేవాడు. “పాడేది ఎవరన్నా నేర్చుకొంటారు కణ్ణు. కాచుకొనేది నేర్చుకో” అనేవాడు. నాకు ఒళ్ళు మండేది. తొమ్మిదేళ్ళ పిల్లకు కాచుకోవడం కంటే పెద్ద శిక్ష ఏముంటుంది?

ఆ ఏడే చిన్నత్త పెళ్ళి.

మగపెళ్ళివాళ్ళు చిన్నమనూరు నుంచి బస్సు కట్టించుకుని వచ్చారు. బస్సు పైన బుట్టల నిండా ద్రాక్ష. అంతవరకూ మేం ద్రాక్షపళ్ళు పంచుకుని లెక్కగా తిన్నవాళ్ళమే. ఆ రోజు కడుపు నొప్పి వచ్చేదాకా తిన్నాం. మా కళ్ళంలో కొబ్బరాకుల పందిరి. పత్తి గోడౌను ఖాళీ చేసి వంటశాల చేశారు. ఒబ్బట్లకు పప్పు రుబ్బే చప్పుడు, బెల్లం పాకం వాసన, కొత్త చీరల గంజి వాసన. ఆడవాళ్ళు పోకచెక్కలు కత్తిరిస్తూ మగపెళ్ళివాళ్ళ మాటతీరును ఎగతాళి చేసేవాళ్ళు. “వాళ్ళ తెలుగు ఏమే అట్లుండాది, రాగం తీస్తా ఉండారు!” వాళ్ళు కూడా అటువైపు కూర్చుని మా తెలుగును అదే మాట అంటున్నారని మాకు తర్వాత తెలిసింది.

పెళ్ళికి ముందు సాయంత్రం నలుగు. పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టి పాటలు పాడతారు. నేను పాడాలని నెల రోజులుగా ముచ్చటపడుతున్నాను. పట్టుపావడ కట్టుకుని, జడకుచ్చులు వేయించుకుని, రెండు ఊళ్ళ ఆడవాళ్ళ ముందు కూర్చున్నాను. మేళం తాత తాళం వేశాడు. నేను ముందే ఎత్తుకున్నాను. “ఇరు” అన్నాడు. మళ్ళీ వేశాడు. మళ్ళీ ముందే ఎత్తుకున్నాను. మూడోసారి కూడా అంతే.

“అమ్మిణికి పాట వచ్చు, కాచుకోనే రాదు. బస్సు నిలవకముందే ఎక్కేస్తుండాది” అన్నాడు ఆయన, నవ్వుతూనే.

పందిరంతా ఘొల్లుమంది. చిన్నమనూరు వాళ్ళు కూడా నవ్వారు. చిన్నత్త పసుపు ముఖంతో నవ్వింది. మా పెదనాన్న కూతురు అక్కను పిలిచి ఆయన నా చోట కూర్చోబెట్టాడు. అది పాడింది, బాగానే పాడింది, దాని మొహం మండ! నేను గోడౌనులోకి పోయి బెల్లం మూటల మీద పడి ఏడ్చాను. రేపు మిమ్మల్ని కూడా చూసి అందరూ నవ్వాలి తాతా, చూడండి, అనుకున్నాను. ఆ మాట నోట్లో చేదుగా తిరుగుతూనే ఉంది.

కాసేపటికి ఆయనే వెతుక్కుంటూ వచ్చాడు. చేతిలో ఒబ్బట్టు.

“రేపు వేలు నువ్వే అమ్మిణీ” అన్నాడు.

వేలంటే ఏమిటో చెప్పాలి. మా తెలుగిళ్ళ పెళ్ళిళ్ళల్లో తాళి కట్టే క్షణాన “గట్టిమేళం, గట్టిమేళం” అని ఎవరూ అరవకూడదు. ఆ క్షణంలో చెవిన పడే మొదటి శబ్దం మేళానిదే కావాలి. తుమ్ము గానీ, ఏడుపు గానీ, అరుపు గానీ దానికి ముందు వినపడకూడదు. అందుకని పెళ్ళికూతురి మేనమామ మాట్లాడకుండా చూపుడువేలు పైకెత్తుతాడు. మేళగాళ్ళు పందిరి గుమ్మం దగ్గర కూర్చుంటారు. లేచి నిలబడిన జనం అడ్డం వల్ల వాళ్ళకు ఆ వేలు కనపడదు. మధ్యలో రోలు బోర్లించి దాని మీద ఒకరిని నిలబెడతారు. మేనమామ వేలు చూసి వాళ్ళు వేలెత్తాలి. అది చూసి మేళం తాత గట్టిమేళం అందుకోవాలి. ఆ రోలు మీద నిలబడే పని ఎప్పుడూ ఆయన శిష్యులదే. అంతవరకూ పెద్ద పిల్లలకే ఇచ్చాడు.

“అక్కనే చూపమనండి” అన్నాను.

“అక్క పాడతాది, అంతే. పాట తప్పితే మళ్ళీ పాడుకోవచ్చు. వేలు తప్పితే మళ్ళీ అనేదే లేదు. అందుకే నీకిస్తుండా. కాచుకొనేది రేపు నీకు తనంతట తానే వచ్చేస్తాది, చూడు.”

ఒబ్బట్టు తీసుకున్నాను. తిన్నాను కూడా. ఆయన నన్ను ఓదార్చడానికి వచ్చాడని, అక్కకు ఇచ్చిన దానికంటే పెద్దదే నా చేతిలో పెట్టాడని నాకు ఎక్కలేదు. తిక్క ముదిరితే మనిషికి మంచి కూడా వెక్కిరింపులాగే కనపడుతుంది.

పొద్దున్నే ముహూర్తం. సాంబ్రాణి పొగ, మల్లెలు, ఇడ్లీ ఆవిరి. నేను బోర్లించిన రోలు మీద నిలబడ్డాను. ఇటు చూస్తే మంటపం, మా అవ్వ తమ్ముడు, ఆయనే చిన్నత్త మేనమామ, స్తంభం పక్కన చేతులు కట్టుకుని ఉన్నాడు. అటు చూస్తే మేళం తాత, నాదస్వరం పెదవులకు ఆనించి, చిన్నగా వాయిస్తూ, నన్నే చూస్తున్నాడు. ఆయన తమ్ముడు డోలు మీద చెయ్యి ఆనించి ఆయన్ని చూస్తున్నాడు.

తాళి పళ్ళెం ఇంకా ముత్తైదువల మధ్య తిరుగుతోంది. చేతులు వణికే ఒక ముసలావిడ దాన్ని పట్టుకుని పక్కావిడకు అందిస్తోంది.

నేను వేలెత్తాను.

మేళం తాత వెంటనే అందుకోలేదు. కనుబొమలు పైకెత్తి, నిజమా, అన్నట్టు చూశాడు. నేను తల ఊపాను. ఇన్నేళ్ళలో ఎన్నోసార్లు నాకు నేను సర్ది చెప్పుకోబోయాను, చిన్నపిల్లను, చెయ్యి ఊరికే లేచింది అని. చెయ్యి ఊరికే లేస్తుంది. తల ఊరికే ఊగదు. ఆయన అడిగాడు, నేను ఔనన్నాను.

గట్టిమేళం విరుచుకుపడింది. డోలు దెబ్బకు పందిరి గుంజలు అదిరాయి. వెనకున్న జనమంతా లేచి అక్షింతలు విసిరారు. కొందరు ముసలివాళ్ళు “దీర్ఘసుమంగళీ భవ” అనేశారు. మంటపంలో పెళ్ళికొడుకు ఖాళీ చేతులతో కూర్చుని అటూ ఇటూ చూస్తున్నాడు. జనం తోపులాటలో ముసలావిడ చేతిలో పళ్ళెం ఒరిగింది. తాళి కింద పడింది.

మేళం ఆగిపోయింది. అలాంటి నిశ్శబ్దం నేను మళ్ళీ ఎప్పుడూ వినలేదు. రెండు ఊళ్ళ జనం మోకాళ్ళ మీద కూర్చుని, పసుపు అక్షింతల్లో పసుపుతాడు కోసం దేవులాడుతున్నారు. ఎవరూ నవ్వడం లేదు. నేను అనుకున్నదేమిటి, జరుగుతున్నదేమిటి! అందరూ ఆయన్ని చూసి నవ్వుతారని కదా నేను అనుకుంది. చిన్నత్త ముఖం చూశాను. పెళ్ళికూతురి ముఖం అలా తెల్లబోతుందని నాకు ఎవరూ చెప్పలేదు.

తాళి దొరికింది. పెళ్ళికొడుకు పెదనాన్న, పెద్ద మీసాల మనిషి, మేళగాళ్ళ వైపు తిరిగి, “ఆ మేళం ఇంక మోగకూడదు!” అని గర్జించాడు. ముహూర్తం దాటిపోతోంది. చివరికి వంటశాల నుంచి ఇత్తడి తాంబాళం, గరిటె తెప్పించారు. ఎవరో తాంబాళం వాయించారు. ఆ గణగణల్లోనే చిన్నత్త మెడలో తాళి పడింది. ఇంత పెద్ద విద్వాంసుడు పది అడుగుల దూరంలో నాదస్వరం ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉండగా, మా ఇంటి పిల్ల గరిటె చప్పుడుతో పెళ్ళికూతురైంది.

తర్వాత విచారణ. మేనమామ ఊగిపోతూ వచ్చాడు. “నేను వేలెత్తలేదే! ఎవరెత్తినారు?” అని నా వైపు తిరిగాడు. “నువ్వెత్తినావా పాపా?”

అందరి కళ్ళూ నా మీదే.

“నేనెత్తలేదు” అన్నాను.

మేళం తాత నన్ను చూశాడు. ఎంతసేపో కాదు, తాళంలో ఒక దెబ్బ పడేంత సేపు. ఆ తర్వాత లేచి నిలబడి, భుజం మీది కండువా తీసి నడుముకు చుట్టుకుని, చేతులు జోడించాడు.

“పాప ఎత్తలేదు సామీ. నాకే అట్ల తోచింది. కొన్నాళ్ళుగా కండ్లు మసకేస్తుండాయి. చెప్పక దాచుకొన్నా. తప్పు నాది.”

“అన్నా, నీ కండ్లకేమి...” అని ఆయన తమ్ముడు లేవబోయాడు. మేళం తాత చెయ్యి తమ్ముడి భుజం మీద పడి గట్టిగా కిందికి నొక్కింది. ఆ చెయ్యి నొక్కడం నేను చూశాను. నేనొక్కదాన్నే చూశాననుకుంటాను.

ఆ క్షణంలో నాకు కలిగింది సంతోషం. దెబ్బలు తప్పాయన్న సంతోషం. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అదే నిజం.

మర్నాడు మా అవ్వ పెరట్లో కూర్చుని, “మొన్న కూడా నా సూదిలో దారం ఆయనే ఎక్కించినాడే” అంది, ఎవరితోనూ కాకుండా. తర్వాత తలెత్తి నన్ను చూసింది. నేను కోళ్ళ గూడు వైపు పోయాను. అవ్వ మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఇంటి ఆడపిల్ల పేరు బయటపడకూడదని నోరు కట్టుకుందని ఇప్పుడు అర్థమవుతోంది. ఆవిడ కూడా ఆయన అబద్ధాన్ని వాడుకుంది.

ఆ అబద్ధం ఎంత పెద్దదో తెలిసేసరికి ఏడాది పట్టలేదు. వేలు చూసి వాయించాల్సిన మనిషికి చూపు లేదంటే ఇంక ఎవరు పిలుస్తారు? తర్వాతి నెల పెళ్ళివాళ్ళు మేళానికని ఆయనకిచ్చిన తాంబూలం వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాతి పెళ్ళి వాళ్ళూ అంతే. గుడి ఉత్సవానికి వేరే ఊరి మేళం వచ్చింది. మేళం తాత ఆ రోజు గుడి బయట చెప్పుల దగ్గర నిలబడి విన్నాడు. కావాలంటే కళ్ళు బాగున్నాయని నిరూపించుకోవడం ఎంతసేపు? ఒక సూది, ఒక దారం చాలు. కానీ ఆయన కళ్ళు బాగుంటే వేలెత్తింది ఎవరన్న ప్రశ్న లేస్తుంది. ఆయన సూది ముట్టుకోవడం మానేశాడు. మా అవ్వ కూడా దారం ఎక్కించమని ఆయన్ని అడగడం మానేసింది.

పిల్లలు కూడా ఒక్కొక్కరే తగ్గిపోయారు. “ఆయన దగ్గరకేంటికే? కలిసిరాదు” అన్నారు తల్లులు. చివరికి అరుగు మీద నేనొక్కదాన్ని మిగిలాను. అవ్వ నన్ను మాన్పించలేదు. ఆయనకు కాఫీ ఇంకాస్త పెద్ద లోటాలో ఇచ్చేది, అంతే. ఆయన ఎప్పటిలాగే చెప్పేవాడు. కోపం లేదు, దెప్పుడు లేదు, పెళ్ళి మాటే లేదు. ఒక్క దెబ్బ కొట్టి ఉంటే బతికిపోయేదాన్ని.

ఆఖరి రోజు ఆయన పాట చెప్పలేదు. “ఈ పొద్దు పాడొద్దు. తాళం మాత్రం వెయ్” అన్నాడు. నేను తొడ మీద తాళం వేస్తూ కూర్చున్నాను. దెబ్బ, మూడు వేళ్ళు, దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. ఆయన నా చెయ్యి చూస్తున్నాడు. ఎండ అరుగు మీదికి పాకింది. నా తొడ మండుతోంది.

“తాతా, ఆ పొద్దు పెండ్లిలో...” అన్నాను.

ఆయన అరచెయ్యి అడ్డం పెట్టాడు. “ఇరు” అన్నాడు.

నేను ఆగాను. తాళం నడుస్తూనే ఉంది. చాలాసేపటికి ఆయన లేచి, సంచి భుజాన వేసుకుని, “ఇప్పుడు నీ తాళం నిలిచింది అమ్మిణీ” అన్నాడు. చిన్నమనూరు వైపు కంబం లోయలో ఏదో ఊళ్ళో ఉన్న కూతురి దగ్గరికి పోతున్నానని అవ్వతో చెప్పి వెళ్ళిపోయాడు. ఇరు అన్నాడే గానీ ఎప్పటిదాకా అని చెప్పలేదు.

ఆ తర్వాత మా ఇంట్లో ఏ కష్టం వచ్చినా ఆ మేళానిదే నేరం. చిన్నత్తకు మొదటి కాన్పు దక్కలేదు, ముందే మోగిన మేళం. వాళ్ళ ద్రాక్షతోటకు తెగులు పట్టింది, ముందే మోగిన మేళం. బావి ఎండినా అదే, బర్రె చచ్చినా అదే. “ఆ గుడ్డి మేళగాడు మా పిల్ల బతుకు మీద వాయించి పోయినాడు” అనేవాళ్ళు. నేను తల వంచుకుని వినేదాన్ని. చిన్నత్తకు తర్వాత ముగ్గురు పిల్లలు పుట్టారు, తోట మళ్ళీ కాచింది, మామ ఎనభై ఏళ్ళు బతికాడు. వాటికి మాత్రం ఏ మేళమూ కారణం కాలేదు.

ఇదంతా గాంధీపురం మండపంలో, ఆ “ఇంకోసారి” విన్న ఒక్క నిమిషంలో నా మీదికి వచ్చి పడింది. పక్కన చిన్నత్త కూడా అందరితోపాటు నవ్వుతూ, “చూసినావా, నా పెండ్లిలో మాదిరే! ఆ కాలంలో ఈ బుద్ధి ఎవరికీ లేకపోయె. పావం ఆయనకు కండ్లు తెలియలా” అంది.

ఆ పావం అన్న మాటకు నా లోపల ఏదో తెగింది.

“చిన్నత్తా, ఆయన కండ్లకు ఏమీ కాలేదు. ఆ పొద్దు వేలెత్తింది నేను. కావాలనే ఎత్తినా. ఆయన అడిగితే తల కూడా ఊపినా. నన్ను కాపాడను ఆయన అబద్ధం చెప్పినాడు” అన్నాను, ఒక్క గుక్కలో.

చిన్నత్త నవ్వు ముఖం మీదే నిలిచిపోయింది. తిడుతుందనుకున్నాను. ఆ నాలుక సంగతి నాకు తెలుసు. ఆమె తిట్టలేదు. వేదిక వైపు తిరిగింది. తర్వాత నాకు తెలియని సంగతి ఒకటి చెప్పింది.

“నా పెద్దోడికి చెవులు కుట్టే పొద్దు ఆయన మా ఊరికి వచ్చినాడు. ఎట్ల తెలిసిందో, నడిచి వచ్చినాడు. వాకిట్లో నిలబడి, ‘ఒక్క రాగం వాయించేసి పోతా అమ్మిణీ, నాకేమీ వద్దు, బిడ్డ బాగుండాల’ అన్నాడు. నేను లోపల్నుంచి బయటికే రాలా. ‘కండ్లు లేనోళ్ళ మేళం మాకొద్దు, ఒకసారి మోగింది చాలు, పొమ్మను’ అన్నా. ఆయనకు వినపడాలనే గట్టిగా అన్నా.”

నా చెవులను నేను నమ్మలేకపోయాను. ఆయన అక్కడిదాకా పోయాడా? ఆమె పెళ్ళిలో మోగకుండా పోయిన మేళాన్ని ఆ పిల్లవాడికైనా ఇచ్చి పోదామని, సంచి మోసుకుని, నడిచి?

“ఆయనేమన్నాడు?” అని అడిగాను.

“ఏమీ అనలా. సరీంగమ్మా అన్నాడు. కిటికీలోంచి చూస్తా ఉండా. మా వాకిటికి మూడు మెట్లు. ఒకటి విరిగి ఉండె. దాన్ని దాటుకొని దిగినాడు.”

అంతలో ఫోటోల అతను చెయ్యి ఊపాడు. ఫోను కుర్రాడు మళ్ళీ నొక్కాడు. గట్టిమేళం మోగింది, ఈసారి సరిగ్గా. పెళ్ళికొడుకు తాళి కట్టాడు. మండపమంతా లేచి అక్షింతలు వేసింది. నేనూ వేశాను. చిన్నత్త లేవలేదు. పెళ్ళికొడుకు ఆమె సొంత మనవడు. ఆమె పిడికిలి ఒళ్ళో మూసే ఉంది.

అరవై ఏళ్ళు మోసిన బరువు దింపుకుంటే తేలికవుతానని అనుకున్నాను. తీసుకుపోయి ఎనభై ఏళ్ళ ముసలిదాని ఒళ్ళో పెట్టాను. ఇరు అని ఆయన అన్నది ఇందుకేనా, నాకు తెలియదు. అడగడానికి ఆయన లేడు.

భోజనాలకు లేవమని పిల్లలు వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నారు. పిడికిలి విప్పి చూసుకుంది. చెమటకు అక్షింతలు అరచేతికి అంటుకుపోయి ఉన్నాయి.

“విరిగిన మెట్టు దాటుకొని దిగినాడే” అంది చిన్నత్త. “నేను చూస్తానే ఉంటిని. తడుముకోలేదే.”